సానరాయి తడి

మా పుష్పావతి పుట్టిన మూడో రోజున వీధిలోని ఆడవాళ్లంతా వచ్చి చూసి నన్ను మెచ్చుకున్నారు. బిడ్డను కన్నందుకు కాదు, ఏడవని బిడ్డను కన్నందుకు. "పెట్టి పుట్టినావు మే నీలావతీ! గొంతు లేపదు గదా ఇది. ఇంక మీ మగ్గం యాపొద్దూ నిలిచేది లేదు పో," అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

ధర్మవరంలో నేతపని ఇంట్లో చంటిబిడ్డ ఏడుపు అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. అంచు ఒక రంగు, నడిమి బట్ట ఒక రంగు ఉన్న పట్టుచీరకు ఒక్క మనిషి చాలడు. మా ఆయన వెంకటేశులు మగ్గం కింది గుంతలో కూర్చుని తొక్కుతూ, అడ్డపోగు చుట్టిన నడిమి నాడె విసురుతాడు. నేను కుడిపక్క పీట మీద కూర్చుని అంచు నాడె అందుకోవాలి. అతను ఒకసారి, నేను ఒకసారి. నేను లేచానంటే మగ్గం నిలిచిందన్నమాటే. లేచి, పాలిచ్చి, తిరిగి వచ్చి కూర్చునేసరికి అతని కాలి లెక్క తప్పుతుంది, చేతి లెక్క తప్పుతుంది, ఆ తరువాత నోరు కూడా అదుపు తప్పుతుంది.

అందుకని మా ఇళ్లలో బిడ్డకు పొద్దున నీళ్లు పోయగానే సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, రెండు చుక్కల తల్లిపాలు కలిపి, అందులో ఆవగింజలో సగమంత నల్లమందు రంగరించి నాలుకకు రాసేవాళ్లు. బిడ్డ మధ్యాహ్నం దాకా లేవదు. ఇదేమీ దొంగతనంగా చేసే పని కాదు. ఉగ్గు పెట్టినంత మామూలుగా చేసేవాళ్లు. మా ఆయన కూడా ఆ నల్లమందుతోనే పెరిగాడు. "వాడు బాగుండాడు గదా?" అనేది మా అత్త. బాగానే ఉన్నాడు. ఒక మాట చెవికెక్కాలంటే మూడుసార్లు చెప్పాలి, అంతే.

మా అత్త పేరు హనుమక్క. ఆమెకు నల్లమందు కొనుక్కునేదానికి సర్కారు పర్మిట్ ఉండేది. కీళ్లనొప్పులకని రోజూ పొద్దున బెల్లంముక్కలో కాస్త నల్లమందు పెట్టుకుని మింగేది. అది ఒక చిన్న ఇత్తడి డబ్బీలో ఆమె నడుముకే ఉండేది. వీధిలో ఏ బిడ్డకు ఎంత పెట్టాలన్నా ఆమెనే అడిగేవాళ్లు. ఆమె బిడ్డను చేతుల్లో ఎత్తి, బరువు చూసి, గోటితో గిల్లి ఇచ్చేది. నలభై మంది బిడ్డలను నిద్రపుచ్చిన చెయ్యి అది.

నా మొదటి బిడ్డ గంగాధర పందొమ్మిది వందల యాభై ఐదులో పుట్టాడు. వాడు ఏడ్చేవాడు. అట్లాంటి ఇట్లాంటి ఏడుపు కాదు, నాలుగిళ్ల అవతల మగ్గం తొక్కేవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. వాడికి ఏడో నెల వచ్చేనాటికి షావుకారు ఓబుళప్ప కూతురి పెండ్లిచీర మా మగ్గం మీద ఉంది. ఇంక కొంగు నేయడమే మిగిలింది. ఆ పొద్దు నిద్రపోయినవాడు మధ్యాహ్నమైనా లేవలేదు. వెళ్లి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. కుదిపాను, నీళ్లు చల్లాను, పేరు పెట్టి అరిచాను. వాడు లేవలేదు. చీర మాత్రం ముహూర్తానికి అందింది.

"నా కొడుకును సంపింది నువ్వే" అని వాడిని ఒళ్లో పెట్టుకునే అత్తను అన్నాను. వీధి అంతా వింది. ఆమె తల వంచుకుని కూర్చుంది, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ రోజు తరువాత ఎవరూ తమ బిడ్డలను ఆమె చేతికి ఇవ్వలేదు. ఇందులో ఇంకొక సంగతి ఉంది. దాన్ని నేను ఏళ్లతరబడి కడుపులోనే దాచుకున్నాను. ఇక్కడ కూడా దాని వంతు వచ్చినప్పుడే చెప్తాను.

యాభై ఎనిమిది జనవరిలో పుష్పావతి పుట్టింది. అది కడుపులో ఉండగానే నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ బిడ్డ నాలుక మీద నల్లమందు పడకూడదు, ఏడిస్తే ఏడవనీ, మగ్గం నిలిస్తే నిలవనీ అని. తీరా చూస్తే అది ఏడవనే లేదు. పాలకోసం లేవదు, తడిపినా లేవదు. నేనే గుర్తు పెట్టుకుని లేపి పాలివ్వాలి. దేవుడు నా ఒట్టు విని మరీ ఇచ్చాడనుకున్నాను. నేను పీట మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేవాల్సిన పని లేకపోయింది. ఆ రెండు నెలల్లో మేము నేసినన్ని చీరలు అంతకు ముందు ఎప్పుడూ నేయలేదు.

బిడ్డకు నీళ్లు పోయడం మాత్రం అత్తకే వదిలాను. కాళ్లు చాపుకుని బిడ్డను వేసుకుని నీళ్లు పోయడం నాకు సరిగా చేతకాదు. అయితే నేను గడప దగ్గర నిలబడి ఆమె చేతులనే చూస్తూ ఉండేదాన్ని. రెండో నెల నిండిన వారంలో ఆమె నీళ్లు పోస్తూ పోస్తూ చెంబు పక్కన పెట్టింది.

"మే, పాప నాలుక సూడు. నోట్లో పట్టక బయటికొస్తాండాది."

"పాలకు సప్పరిస్తాంటాది."

"అది గాదు మే. గొంతు సూడు, మేకపిల్ల మాదిరి బొంగురుగా ఉండాది. పుట్టినప్పుడొచ్చిన పసిరికలు ఇంకా పోలేదు, కండ్లు పచ్చగానే ఉండాయి. బొడ్డు సూడు ఎట్ల ఉబ్బిందో. ఒళ్లు ఎప్పుడు పట్టుకున్యా సల్లగా ఉంటాది. నాలుగు దినాలకొకతూరి గానీ దొడ్డికి పోదు. ఇది నిద్ర గాదు. ఎవరన్నా డాక్టరుకు సూపిద్దాం."

మా అత్త నోట డాక్టరు మాట వినడం అదే మొదటిసారి. తన కీళ్లకు, దగ్గుకు, కడుపునొప్పికి దేనికీ ఆమె డాక్టరు గడప తొక్కలేదు. మనవరాలికి మాత్రం డాక్టరు కావాలట! అప్పుడే నాకు అనుమానం తగిలింది. నల్లమందు తిన్న బిడ్డకూ దొడ్డికి రాదు. నల్లమందు తిన్న బిడ్డా పాలకు లేవదు. చేసిందంతా చేసి, నా మీదికి రాకముందే తానే ముందుగా నోరు తెరుస్తోంది అనుకున్నాను. ఆమె మాట చెవిన వేసుకోలేదు.

అక్కడి నుంచి నేను బిడ్డను చూడటం మానేశాను. అత్తను చూడటం మొదలుపెట్టాను. ఆమె లేస్తే లేచాను, పెరట్లోకి పోతే పోయాను. నీళ్లు పోయడం కూడా నేనే చేతకాకపోయినా చేశాను. ఆమె డబ్బీలో ఎంత ఉందో, పొద్దుటికీ సాయంత్రానికీ ఎంత తగ్గిందో కంటితో కొలిచాను. సానరాయి తడిసిందేమో అని రోజుకు పదిసార్లు ముట్టి చూశాను. ఒక్కసారి కూడా ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం తగ్గాలి గదా, నాకు పెరిగింది. ఎంత నేర్పుగా పెడుతోందో అని ఇంకా ఒళ్లు మండింది.

ఐదో నెలకు కూడా బిడ్డ తల నిలపలేదు. మొగం ఉబ్బింది. నవ్వు లేదు. చప్పట్లు కొట్టినా తిరిగి చూడదు. ఒకరోజు మధ్యాహ్నం నేను పీట మీద నుంచి లేచి వెళ్లి అత్త ముందర నిలబడ్డాను.

"పెడతాండావు గదా నా బిడ్డకు?"

ఆమె నా మొగం చూసింది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "దీని మీద ఆన. పెట్టలేదు," అంది.

"గంగాధర పోయినంక గూడా నీకు బుద్ధి రాలేదు."

ఆమె బిడ్డను ఎత్తుకుని గడప దగ్గరకు, వెలుతురులోకి తీసుకుపోయింది. బొటనవేలితో కనురెప్ప పైకెత్తి పట్టుకుంది.

"ఇట్ల రా. కన్ను సూడు. మందు తిన్న బిడ్డకు కంటిపాప సూదిమొనంత అయిపోతాది. ఎలుతురులో పెట్టినా, సీకట్లో పెట్టినా అట్లే ఉంటాది. దీనిది సూడు, నీడలోకి తెస్తానే యెట్ల ఇచ్చుకుంటాండాదో. ఇది నల్లమందు గాదు మే. ఇంకేందో ఉండాది లోపల. నలభై మందికి పెట్టినదాన్ని, నాకు తెల్దా?"

"నలభై మందికి పెట్టినా అని నీ నోటితోనే అంటాండావే!" అన్నాను. నేను కన్ను చూడలేదు. ఆమె నడుముకు దోపుకున్న డబ్బీ లాక్కుని వీధి మోరీలో విసిరేశాను. అది నీళ్లలో తేలుతూ కొంత దూరం పోయి మునిగిపోయింది.

ముప్పై ఏళ్లు రోజూ నల్లమందు తిన్న మనిషికి అది ఒక్కసారి దొరకకపోతే ఏమవుతుందో ఆ మూడు రోజుల్లో చూశాను. కళ్లనుంచీ ముక్కునుంచీ నీళ్లు, ఆగకుండా ఆవులింతలు, కాళ్లు మెలితిరిగే నొప్పులు. చాప మీదే విరేచనాలు. ఆమె ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు. మా ఆయన తల్లిని చూశాడు, నన్ను చూశాడు, పోయి గుంతలో దిగాడు. అతనికి కష్టం వస్తే దాక్కునే చోటు అదే. నేను కాలు కదపలేదు. అనుభవించనీ అనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే.

నాలుగో రోజు పెనుకొండ నుంచి ఆమె కూతురు అంజనమ్మ వచ్చి తల్లిని తీసుకుపోయింది. బండి ఎక్కబోతూ మా అత్త వెనక్కి తిరిగి, "నా మీది కోపం నా మీదే పెట్టుకో మే. బిడ్డను మాత్రం యాడికన్నా తీసకపోయి సూపించు," అంది. నేను తలుపు వేసుకున్నాను.

అత్త పోయింది గదా, ఇంక బిడ్డ లేస్తుందని ఎదురుచూశాను. వారం చూశాను, నెల చూశాను. పక్కింటి బాలనాగమ్మను అడిగితే, "నెత్తుర్లో ఇంకినదమ్మా, ఊరికే పోతాదా? ఆర్నెల్లు పట్టొచ్చు," అంది. సరే, ఆరు నెలలు అనుకున్నాను. ధనియాల నీళ్లు పట్టాను. ఆముదం పోశాను. మజ్జిగ తేట చెంచాతో పోశాను. ఎవరూ పెట్టని మందు నా బిడ్డ ఒంట్లోంచి దిగిపోతుందని ఆరు నెలలు కాచుకుని కూర్చున్నాను. ఈ మొద్దుతనం నల్లమందు తిని పెరిగిన మా ఆయనది కాదు, ఏ మందూ తినని నాది.

ఆ ఆరు నెలల్లో నేను ఒక్కసారి కూడా బిడ్డ కనురెప్ప ఎత్తి చూడలేదు. చూస్తే అత్త మాట నిజమవుతుందని భయపడ్డాను.

పదకొండో నెలలో టీకాలు వేసే రంగప్ప మా వీధికి వచ్చాడు. ఆయన సూది గుచ్చి తిప్పితే పెద్ద పిల్లలు కూడా లబోదిబోమంటారు. పుష్పావతి చేతి మీద తిప్పితే అది ఊరికే అతని మొగం చూస్తూ ఉండిపోయింది, ఏడవలేదు. రంగప్ప సూది పక్కన పెట్టి బిడ్డ గడ్డం పట్టుకుని నాలుక చూశాడు.

"ఎన్ని నెలలమ్మా పాపకు?"

"పదకొండు."

"కూచుంటాదా?"

"లేదన్నా."

"ఏమమ్మా, ఇన్నాళ్లు ఏం జేస్తాండ్రి?" అని కసిరాడు. జేబులోంచి కాగితం తీసి హిందూపురంలో ఒక డాక్టరమ్మ పేరు రాసిచ్చాడు. "రేపే పో. ఎల్లుండి అనొద్దు," అన్నాడు.

మా ఆయన వస్తానన్నాడు. మగ్గం మీద పరిచిన పడుగు పోగుల మీద ఎలుకలు పడతాయి, ఇంట్లో ఒకరుండాలని నేనే వద్దన్నాను. పొద్దుటి రైలు ఎక్కాను. పెనుకొండ స్టేషనులో బండి ఆగినప్పుడు కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

డాక్టరమ్మ పేరు శారదమ్మ. కన్నడం కలిసిన తెలుగు, నెమ్మది మాట. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి ముందు టార్చి వేసి కళ్లు చూసింది. తరువాత నాలుక, గొంతు, బొడ్డు. పాదాలు అరచేతుల్లో పట్టుకుని చూసింది.

"పుట్టినప్పుడు కామెర్లు చాలా రోజులు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఏడిస్తే గొంతు బొంగురుగా ఉంటుందా? విరేచనం నాలుగు రోజులకొకసారా? ఒళ్లు చల్లగా ఉంటుందా?"

ఆమె ఒక్కొక్కటీ అడుగుతుంటే నాకు మా అత్త గొంతు వినపడింది. అవే మాటలు, దాదాపు అదే వరస.

"నల్లమందు వల్లనా అమ్మా?" అని అడిగాను. అవునంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. పాపం నాది గాకుండా పోయేది.

"కాదు. నల్లమందు కళ్లలో తెలిసిపోతుంది," అంది ఆమె. తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ ఒక గ్రంథి ఉంటుంది. దాంట్లో ఊరే రసం నెత్తురులో కలిసి ఒళ్లంతా పోతుంది. బిడ్డ ఎదగడానికీ, మెదడు తయారవడానికీ అదే కావాలి. కడుపులో ఉన్నప్పుడు నీది కొంత దానికి అందింది. పుట్టిన తరువాత సొంతంగా ఊరాలి. ఈ పాపకు ఊరడం లేదు. మెదడు చాలావరకు తయారయ్యేది ఈ మొదటి నెలల్లోనే. అప్పుడే ఆ రసం లేకపోయింది."

"మందు లేదా?"

"ఉంది. జంతువుల గ్రంథి ఎండబెట్టి చేసిన మాత్రలు. బెంగుళూరు నుంచి తెప్పించినవి నా దగ్గర ఉన్నాయి, ఇస్తాను. ఒళ్లు ఎదుగుతుంది, నడుస్తుంది. బుద్ధి మాత్రం అంతా తిరిగి రాదమ్మా. నీకు అబద్ధం చెప్పను. ఇంతకు ముందు ఎవరూ గమనించలేదా?"

"మా అత్త గమనించింది."

"ఎన్నో నెలలో?"

"రెండో నెలలో."

డాక్టరమ్మ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది. "అప్పుడే తెచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, నా మొగం చూసి ఆపేసింది.

ఆ తరువాత మాత్ర ఎట్లా పెట్టాలో చెప్పింది. "సగం మాత్ర, పాలలో అరగదీసి, పొద్దున ఒక్కసారే. ఇంట్లో ఎవరో ఒకరే పెట్టాలి, ఇద్దరు పెట్టకూడదు. ఒకరు పెట్టింది తెలియక ఇంకొకరు పెడితే చిన్నబిడ్డ గుండె తట్టుకోలేదు. అర్థమైందా?"

అర్థమైంది. నాకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది?

ఇప్పుడు ఆ సంగతి చెప్తాను. గంగాధర పోయిన పొద్దు, అత్త వాడికి నీళ్లు పోసి, ఎప్పటిమాదిరే పెట్టి, తాను నీళ్లు పోసుకోవడానికి పోయింది. డబ్బీ గూట్లో పెట్టింది. ఏమైందో ఏమో, వాడు అరగంటకే లేచి ఏడుపు అందుకున్నాడు. కొంగులో ఇంకా జానెడు నేత ఉంది. మా ఆయన గుంతలోంచి, "వాని నోరు ముయ్యించరా ఎవరన్నా?" అని అరిచాడు. నేను లేచి వెళ్లి డబ్బీ తీశాను. అత్త పెట్టిందా లేదా అని అడగలేదు. దొడ్లోకి ఒక కేక వేస్తే చాలు, వేయలేదు. ఏడుస్తున్నాడంటే పెట్టలేదనుకున్నాను. అట్లా అనుకుంటేనే నాకు పని జరుగుతుంది. గోటితో గిల్లి, సానరాయి మీద రంగరించి, నాలుకకు రాసి, వాడు నిద్రపోగానే వచ్చి పీట మీద కూర్చున్నాను. ఆ జానెడు నేశాము.

రైలు తిరిగి వస్తుంటే ఈసారి పెనుకొండలో దిగాను. అంజనమ్మ ఇల్లు కోటగోడ పక్కన. మా అత్త పంచలో కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. సగం మనిషి అయిపోయింది. నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. చేతులు చాపి బిడ్డను తీసుకుంది, వెలుతురుకు తిప్పింది, కనురెప్ప ఎత్తి చూసింది.

"ఏమన్నారు డాక్టరు?"

"నువ్వు సెప్పిందే."

"బాగైతాదంటనా?"

"ఒళ్లు బాగైతాదంట." ఆ పైది నా నోట రాలేదు. ఆమె అర్థం చేసుకుంది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అట్లే ఉంచింది.

నేను ఆమె ముందర నేల మీద కూర్చున్నాను. "అత్తా, గంగాధరకు ఆ పొద్దు నేను గూడా పెట్టినా," అన్నాను.

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"నేను అరగదీసి, రాయి కడిగి, తుడిచి బోర్లించి పోయింటి. నీళ్లు పోసుకోని వచ్చి సూస్తే తడిగా ఉండె."

"మరి యాల సెప్పలేదు? అందరి ముందర అంత మాటన్యా గదా నిన్ను!"

ఆమె మళ్లీ చెనక్కాయలు అందుకుంది. "సెప్తే నువ్వు బతుకుతావా మే? బావిలో పడేదానివి. నాదేముండాది, ముసల్దాన్ని, మాట పడితే పడితి. అయినా నేను పెట్టలేదు గదా అనేదానికి లేదు. నాదీ నీదీ కలిసే పోయినాడు వాడు."

నేను ఏడ్చాను. వాడు పోయినప్పుడు ఏడవని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే కొంగులో కట్టుకున్న మాత్రల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. "ఒక్క చెయ్యే పెట్టాలంట. ఆ చెయ్యి నీదే కావల్ల. ఇంటికి రా అత్తా."

"నన్ను నమ్ముతాండావా?"

"నన్ను నేను నమ్మను," అన్నాను.

ఆమె వచ్చింది. రోజూ పొద్దున సానరాయి మీద సగం మాత్ర అరగదీసి, పాలు కలిపి, నాలుకకు రాసేది. రాయి కడిగి, తుడిచి, బోర్లించేది. నేను ఆ దరిదాపులకు పోలేదు. ఇరవై రోజులైందో లేదో, ఒక మధ్యాహ్నం పుష్పావతి ఏడ్చింది. బొంగురుగా కాదు, గొంతెత్తి, ఆకలేసి ఏడ్చింది. మా ఆయన నాడె చేతిలో పట్టుకుని గుంతలోనే లేచి నిలబడ్డాడు. మా అత్త పెరట్లోంచి పరుగున వచ్చింది. ముగ్గురమూ బిడ్డ చుట్టూ నిలబడి, ఎత్తుకోవాలని కూడా తోచక, ఆ ఏడుపు వింటూ ఉండిపోయాము. "ఏడ్వు నాతల్లీ, బాగా ఏడ్వు," అంది మా అత్త. డాక్టరమ్మ చెప్పింది తప్పైపోయిందని ఆ రోజు నేను నిజంగా నమ్మాను.

తప్పు కాలేదు. నాలుక లోపలికి పోయింది, పళ్లు వచ్చాయి, జుట్టు ఒత్తుగా పెరిగింది. మూడేళ్లకు నడిచింది. బడికి పంపితే అయ్యవారు వారం చూసి వెనక్కి పంపాడు. ఎనిమిదేళ్లకు దానికి వచ్చిన మాటలు నాలుగు. పడుగులో తెగిన పోగును ముడివేసి అక్కడినుంచి ఎంత బాగా నేసినా, అంతవరకు నేసిన గుడ్డలో గీత గీతగానే ఉంటుంది. నేతదాన్ని, ఈ సంగతి నాకు ఇంకొకరు చెప్పక్కరలేదు. అయినా ప్రతి ఏడాదీ హిందూపురం పోయి డాక్టరమ్మను అదే అడిగేదాన్ని, ఆమె అదే చెప్పేది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు మగ్గం పక్కన దాన్ని చూసి, "ఎంత బుద్ధిమంతురాలు మే, కూచున్నచోట కూచుంటాది," అని మెచ్చుకునేవాళ్లు. వాళ్లతో నేను మళ్లీ మాట్లాడేదాన్ని కాదు.

అరవై ఆరులో మా అత్త పోయింది. రెండు రోజులు జ్వరం, అంతే. ముందురోజు పొద్దున కూడా, జ్వరంతోనే, తానే అరగదీసి పెట్టింది.

ఆమెను సాగనంపిన మర్నాడు పొద్దున నేను లేచి చూస్తే, పుష్పావతి సానరాయి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా అవ్వ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పాప కళ్లు మూసుకుని, నోరు తెరిచి, నాలుక చాపి ఎదురుచూస్తోంది. ఎంతసేపటినుంచి అట్లా కూర్చుందో తెలియదు. "అవ్వ" అంది కళ్లు తెరవకుండానే. దానికి వచ్చిన నాలుగు మాటల్లో అది ఒకటి.

"నువ్వు పెట్టు మే," అన్నాడు మా ఆయన వెనకనుంచి.

పదేళ్లుగా నేను ఏ బిడ్డ నాలుకకూ ఏమీ రంగరించి రాయలేదు. కూర్చున్నాను. ముందు రాయి తిప్పి అరచేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. పొట్లం విప్పి మాత్ర విరిచాను. పాలు తెచ్చుకున్నాను. అన్నీ పెట్టుకున్న తరువాత మా ఆయన వైపు తిరిగి అడిగాను.

"నువ్వేమన్నా పెట్టినావా దీనికి?"

"లేదు."

"నిజం సెప్పు. పెట్టినావా?"

"లేదు మే."

మూడోసారి కూడా అడిగాను. లేదన్నాడు. అప్పుడు అరగదీశాను.